పట్టు

పాకల ఇసుకలో ఆడాడు వాయల పోలయ్య.
వలలు ఆరేసిన సాయంత్రాలు, కాలి బొటనవేలితో గీసిన గీత,
పడితే ఇసుక, పొర్లితే ఇసుక,
ముక్కు చీదుకుంటూ ఇంటికి పోయే ఆట.

కొడుకు సోమరాజుది చీమకుర్తి నేల.
కొండను కోయగా మిగిలిన పొడి మీద నీళ్ళు చల్లి
రోలరు తిప్పి గట్టిపరిచిన కోర్టు.
క్వారీ జట్టుకు ఆడితే నెలకు పన్నెండు వందలు,
గెలిచిన నాడు కోడికూర.
వరసగా నిలబెట్టిన గ్రానైటు లారీల హెడ్‌లైట్లే మాకు దీపాలు.

నేను అవతలి జట్టు. కుడిమూల.
నా పేరు మీకెందుకులే,
ఒంగోలు బస్టాండులో పాతకాపులు ఇప్పటికీ గుర్తుపట్టి
"చీలమండ" అంటారు,
ఇంకేదో అనబోయి టీ తాగుతారు.

ఆ రాత్రి మూడు నిమిషాలుంది, ఒక్క పాయింటు తేడా.
సోమరాజు కూతకొచ్చాడు.
కబడ్డీ అనడు వాడు, వాళ్ళయ్య లాగే
చెడుగుడు చెడుగుడు అంటాడు,
నోట్లో గులకరాయి దొర్లుతున్నట్టు.
బోనస్ గీత మీద మునివేలు ఆనించాడో లేదో
నా రెండు చేతులూ వాడి ఎడమ చీలమండ చుట్టూ.
తప్పు పట్టు కాదది. రిఫరీ రాసిచ్చిన కాగితం
ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది.
వెల్లకిలా పడ్డాడు.
ఆ చప్పుడు కొబ్బరికాయలా ఉందని కొందరన్నారు.
కాదు.
నేను దేనితోనూ పోల్చను.

కూత మాత్రం ఆగలేదు.
చెడు... గుడు... చెడు...
ఈల నోట్లోనే పెట్టుకుని రిఫరీ నిలబడిపోయాడు.
నేనూ వదల్లేదు.
కూత ఉన్నంతసేపూ పట్టు సడలకూడదని
మా అన్న నేర్పిన పాఠం.

పెద్దాసుపత్రిలో గుంటూరు తీసుకుపొమ్మన్నారు.
మార్టూరు దాటలేదు.

మరుసటి యేడు రూలొచ్చింది:
జానెడు మందాన జల్లించిన మట్టి పోయాలి,
కోర్టు పక్కన డాక్టరుండాలి.
ఒక మనిషి పడితేగాని ఒక రూలు లేవదు.
తొమ్మిదో నంబరు బనీను షెడ్డులో మేకుకు వేలాడదీశారు,
ఎవరూ తొడగలేదు,
ఎలకలు మాత్రం అంచు కొరికాయి.

పదిహేడేళ్ళకు హారిక వచ్చింది.
సింగరాయకొండ రొయ్యల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి,
చేతులకింకా ఐసు చల్లదనం, గోళ్ళ సందుల్లో నీచువాసన.
అప్పటికి నేను ఆడపిల్లల జట్టుకు కోచ్‌ని.
మ్యాటు పరిచాం, ఆకుపచ్చా పసుపూ, అడుగేస్తే మెత్తగా దిగుతుంది.
పేరు రాయమంటే "వాయల" అని
కాగితం చిరిగేట్టు ఒత్తి రాసింది.
మేకుకున్న బనీను తీసి
కొరికిన అంచు లోపలికి మడిచి కుట్టుకుంది.
నన్నేమీ అడగలేదు. నేనేమీ చెప్పలేదు.

తాత పోలయ్య ఆటోలో వచ్చి
మ్యాటు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు.
పెదాలు కదులుతుంటాయి, ఊపిరి లేని కూత.
నా వైపు చూడడు.
ఒకసారి మాత్రం బీడీ అడిగాడు.

నిన్న ప్రాక్టీసైపోయాక అందరూ వెళ్ళారు,
ఇది మాత్రం గీత దగ్గరే నిలబడింది.
"మావా, ఆ పట్టు పట్టు."
"ఏ పట్టు?"
"తెలీనట్టు అడగబాక."

కూతకొచ్చింది. చెడుగుడు.
ఎవరు నేర్పారో ఆ మాట, ఆ గులకరాయి.
మునివేలు గీత మీద ఆనించింది.
వంగాను. దొరికింది చీలమండ,
సన్నగా, వేడిగా, నాడి కొట్టుకుంటూ.
వదిలేశాను.

వెనక్కి తిరిగి నడుమ గీత తాకి
రొప్పుతూ వచ్చి నా ఎదుట నిలబడింది,
కళ్ళల్లో కోపం, వాడి కోపమే.
"వదిలితే ఎట్టా నేర్చుకునేది మావా?
పడేటప్పుడు గడ్డం రొమ్ముకు ఆనించాలని
నాయనకెవరూ చెప్పలేదు.
నాకు నువ్వే చెప్పావుగా.
ఊఁ, మళ్ళీ."

కుర్చీలోంచి ముసలాయన గొంతు, మొదటిసారి పైకి:
"కాలు కాదురా, మడమ పైన పట్టు."